మునిగి తేలే విద్య

చేతిలో రిమోట్, నీటి అడుగున పడవ, దాని కడుపులో జానెడు గొట్టం. రేడియో కంట్రోల్ సబ్‌మెరైన్ ప్రాణమంతా ఆ గొట్టంలోనే ఉంది. దాని పేరు బ్యాలస్ట్ ట్యాంకు. దాన్ని బిగించడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి కాపాడుకోవడం మరో ఎత్తు.

తెల్లవారుజామున ఈతకొలనులో ఎవరూ ఉండరు. నీరు అద్దంలా నిలిచి ఉంటుంది. నాలుగడుగుల నల్లటి పడవను రెండు చేతుల మీద పట్టుకుని మెల్లగా నీటిలో వదులుతాను. రెండు నిమిషాలు దాన్ని అటూ ఇటూ వంచి డెక్కు కింద ఇరుక్కున్న బుడగలన్నీ బయటికి పంపుతాను. తర్వాత రిమోట్ మీద మీట కిందికి లాగుతాను. పడవ కడుపులో సన్నగా మోటారు తిరుగుతున్న చప్పుడు. డెక్కు మీదికి నీరు ఎక్కుతుంది. నడిమి బురుజు చుట్టూ నీరు మూసుకుంటుంది. పెరిస్కోపు ఒక్కటే మిగులుతుంది. కాసేపటికి అదీ కనిపించదు.

ఇక మీట పైకి తోస్తే పడవ తిరిగి రావాలి. వస్తుందా? పాతికసార్లు వచ్చిన పడవే అయినా ఇరవయ్యారోసారి కూడా గుండె కొట్టుకుంటుంది. అంత నెమ్మదిగా, అంత బుద్ధిగా నీటిని చీల్చుకుని ఆ పెరిస్కోపు మళ్లీ కనిపించినప్పుడు కలిగే ఆనందం అనుభవించినవారికే తెలుస్తుంది.

మునగడానికి రాయి చాలు. తేలడానికి బెండు చాలు. అడిగినప్పుడు మునిగి, అడిగినచోట ఆగి, పిలిచినప్పుడు పైకి రావడమే విద్య. ఈ విద్యకు పుట్టిళ్లు జర్మనీ, ఇంగ్లండ్, అమెరికా. ఇంగ్లండులో అసోసియేషన్ ఆఫ్ మోడల్ సబ్‌మెరైనర్స్, అమెరికాలో సబ్‌కమిటీ పేరుతో దీనికి సంఘాలే ఉన్నాయి. అక్కడివారు దశాబ్దాలుగా ఇళ్లలో, గ్యారేజీల్లో కూర్చుని ఈ గొట్టంతో కుస్తీ పడుతున్నారు. అసలు సబ్‌మెరైన్‌ను ఒడ్డు మీద నిలబెట్టుకున్న ఊరు మనకూ ఉంది కాబట్టి, ఈ కథ మనదీ కావాలని నా కోరిక.

బిందె చెప్పే పాఠం

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురాను చూసినవారిలో చాలామంది లోపలి ఇరుకుదనాన్నీ, టార్పెడోలనూ గుర్తుపెట్టుకుంటారు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుని, 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఉన్న పడవ అది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతికి చెందినది. ఈసారి వెళ్లినప్పుడు దాని ఒంటి గురించి కూడా ఒక్క నిమిషం ఆలోచించండి. దానికి రెండు తొడుగులు. లోపలిది సముద్రం ఒత్తిడిని తట్టుకునే ఉక్కు గొట్టం. మనుషులు నడిచేది అందులో. దాని చుట్టూ మరో తొడుగు. ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీల్లోనే ప్రధాన బ్యాలస్ట్ ట్యాంకులు.

అవి ఎలా పనిచేస్తాయో చెరువులో బిందె ముంచినవారికి వేరే చెప్పనక్కర్లేదు. బిందెను నిలువుగా బోర్లించి నొక్కితే మునగదు. లోపలి గాలికి దారి లేదు మరి. అలా బోర్లించిన బిందె పట్టుకునే మన పల్లెల్లో ఎందరో ఈత నేర్చారు, ఏరులు దాటారు. అదే బిందెను కాస్త పక్కకు వంచితే బుడబుడమని గాలి పోతుంది, గటగటా నీరు దూరుతుంది, బిందె మునుగుతుంది. సబ్‌మెరైన్ ట్యాంకుకు అడుగున నీటి దారులు, నెత్తిన గాలి వాల్వులు ఉంటాయి. పై వాల్వు తెరిస్తే వంచిన బిందె. వాల్వు మూసి, సీసాల్లో కుక్కి ఉంచిన గాలిని లోపలికి వదిలితే నీరు అడుగు నుంచి బయటికి పోతుంది. అప్పుడది బోర్లించిన బిందె.

బొమ్మ సబ్‌మెరైన్‌కూ ఇదే సూత్రం. తేడా అంతా కొలతల్లో ఉంది.

72 వంతుల లెక్క

కుర్సురా పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. నీటిపై ఉన్నప్పుడు అది తోసే నీటి బరువు సుమారు 1,950 టన్నులు. మునిగితే 2,475 టన్నులు. దీన్ని 1:72 కొలతలో కడదాం. పొడవు 127 సెంటీమీటర్లు, వెడల్పు పది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. బరువు మాత్రం 72తో భాగిస్తే రాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కాబట్టి 72 × 72 × 72తో భాగించాలి. అంటే 3,73,248. ఆ లెక్కన తేలినప్పుడు 5.2 కిలోలు, మునిగినప్పుడు 6.6 కిలోలు. తేడా 1.4 కిలోలు. లీటరు నీరు కిలో తూగుతుంది గనుక, పడవ మొత్తాన్ని నీరు చొరబడని డొల్లగా కడితే ట్యాంకు 1.4 లీటర్లు పట్టాలి.

అరచేయంత వెడల్పున్న పడవలో మోటారు, బ్యాటరీ, రిసీవరు, రెక్కలను కదిపే సర్వోలు పోను 1.4 లీటర్ల ట్యాంకుకు చోటు దొరకడం కష్టం. అందుకే ఎక్కువమంది ‘తడి ఒళ్లు’ పద్ధతి ఎంచుకుంటారు. పైకి కనిపించే తొడుగులోకి నీరు స్వేచ్ఛగా వచ్చిపోతుంది. లోపల ఒక్క పారదర్శక గొట్టం మాత్రమే పొడిగా ఉంటుంది. యంత్రాలన్నీ అందులోనే. అప్పుడు ట్యాంకు మోయాల్సిన భారం తగ్గుతుంది. పడవ తేలినప్పుడు నీటిగీతకు పైన ఉండే ప్లాస్టిక్, లోహం వగైరా గట్టి పదార్థం ఎంత నీటిని తోస్తుందో అంత నీరు పడితే చాలు. అందుకే అనుభవజ్ఞులు నీటిగీతకు పై భాగాన్ని వీలైనంత పలచగా చేస్తారు. పైన తగ్గించిన ప్రతి పది మిల్లీలీటర్ల పదార్థం ట్యాంకులో పది మిల్లీలీటర్ల చోటు మిగులుస్తుంది.

దారులు అయిదు

నీటిని లోపలికి తెచ్చి బయటికి పంపడానికి ఔత్సాహికులు చాలా దారులు కనిపెట్టారు. ముఖ్యమైనవి అయిదు.

మొదటిదానికి అసలు ట్యాంకే ఉండదు. పడవను ఎప్పుడూ కాస్త తేలేలా తూచి, వేగంగా నడుపుతూ పక్క రెక్కలను కిందికి వంచి నీటిలోకి దూసుకుపోతారు. మోటారు ఆగితే పడవ తనంతట తానే పైకొస్తుంది. కొత్తవారికి నిశ్చింత. కానీ నిలుచున్నచోట నిశ్శబ్దంగా మునిగే అందం దీనికి లేదు.

రెండోది పిస్టను ట్యాంకు. డాక్టరు సిరంజి ఎలా ఉంటుందో అలాగే. సిలిండరులో పిస్టను, దాని వెనక మరల కడ్డీ, కడ్డీని తిప్పే గేరు మోటారు. పిస్టను వెనక్కి వస్తే నీరు లోపలికి, ముందుకు వెళితే నీరు బయటికి. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. ఐదు మిల్లీలీటర్లు కావాలన్నా తీసుకోవచ్చు. జర్మనీలో ఎంగెల్ సంస్థ ఈ రకం ట్యాంకులకు పేరుపొందింది. ఆలోచన మాత్రం చాలా పాతది. 1578లోనే విలియం బోర్న్ అనే ఆంగ్లేయుడు మరలు తిప్పి పడవ పక్కలను లోపలికి, బయటికి కదిలిస్తే అది మునిగి తేలుతుందని రాశాడు. పరిమాణం మార్చడమే కిటుకని పట్టుకున్నవాడు ఆయన.

మూడోది పంపు. దీని పూర్వీకుడు 1775లో అమెరికాలో డేవిడ్ బుష్నెల్ కట్టిన టర్టిల్. ఒక్క మనిషి పట్టే ఆ కొయ్య పడవలో కాలితో వాల్వు తొక్కితే నీరు వచ్చేది, పంపులు కొట్టి దాన్ని బయటికి తోడేవారు. ఈనాటి బొమ్మల్లో రబ్బరు గొట్టాన్ని రోలర్లతో నలుపుతూ నీటిని తోసే పంపు వాడతారు. ఆగినప్పుడు రోలరే గొట్టాన్ని నొక్కిపడుతుంది కాబట్టి వేరే వాల్వు అక్కర్లేదు. గేరు పంపు అలా కాదు. ఆగిన తర్వాత కూడా నీరు మెల్లగా జారిపోతుంది. దానికి వాల్వు తప్పనిసరి.

నాలుగోది గ్యాసు. చిన్న సీసాలో ద్రవంగా మారిన గ్యాసు. నెత్తిన వాల్వు తెరిస్తే ట్యాంకు నిండుతుంది. గ్యాసు వదిలితే నీరు తన్నుకుని బయటికి పోతుంది, పడవ బుస్సుమని పైకి లేస్తుంది. చూడ్డానికి ఇంతకంటే గొప్పది లేదు. కానీ సీసాలో ఉన్నంతవరకే తేలడం. ఎన్నిసార్లు తేలిందో లెక్కపెట్టుకోవాలి. మండే గ్యాసు అయితే మరో ముప్పు. మోటారు నిప్పురవ్వ, మూసిన గొట్టం, లీకైన గ్యాసు మూడూ కలిస్తే పేలుడే. మండని గ్యాసే వాడాలి. సీసా తడి భాగంలోనే ఉండాలి.

అయిదోది గాలి సంచి. పొడి గొట్టంలోని గాలినే చిన్న ఎయిర్ పంపు తోడి, బయట తడి భాగంలో ఉన్న రబ్బరు సంచిలోకి నింపుతుంది. సంచి ఉబ్బి నీటిని పక్కకు నెడుతుంది. వాల్వు తెరిస్తే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి గాలి మళ్లీ గొట్టంలోకి వచ్చేస్తుంది. ఉన్న గాలే అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి అయిపోయే ప్రశ్న లేదు. బీపీ చూసే పట్టీలోని రబ్బరు సంచిని ఇందుకు వాడేవారున్నారు.

వీటిలో ఏది మేలంటే నా ఓటు పిస్టనుకే. దానికో సహజమైన రక్షణ ఉంది. పడవలో 4 లీటర్ల గాలి ఉందనుకోండి. పిస్టను లీటరు నీటిని లోపలికి లాగితే ఆ గాలి 3 లీటర్ల చోటులోకి ఒదగాలి. దాని ఒత్తిడి మూడో వంతు పెరుగుతుంది. నీరు పీల్చేటప్పుడు మోటారుకు శ్రమ ఎక్కువే. కానీ ఆ నీటిని బయటికి తోసేటప్పుడు, అంటే పడవ పైకి రావలసిన అసలు ఘడియలో, నొక్కుకుపోయిన ఆ గాలే పిస్టను వెనక నిలబడి సాయం పడుతుంది.

అడుగు తెరిచి ఉన్న గ్యాసు ట్యాంకులో సగం నీరు, సగం గాలి ఉంచితే ఆ సాయం దక్కదు. రెండు మీటర్ల లోతులో నీటి ఒత్తిడి ఐదో వంతు ఎక్కువ. పైన 100 మిల్లీలీటర్లు ఉన్న బుడగ అక్కడ 83కు కుంచించుకుపోతుంది. పడవ 17 గ్రాములు బరువెక్కుతుంది, ఇంకా కిందికి దిగుతుంది, బుడగ ఇంకా కుంచించుకుంటుంది. దిగేకొద్దీ ఇంకా దిగాలనే గుణం అది. అందుకే ఆ రకం ట్యాంకును నిండుగానైనా ఉంచాలి, ఖాళీగానైనా ఉంచాలి.

బిగించేచోటే బతుకు

ట్యాంకు ఎక్కడ ఉండాలి? తూకం కుదిరే నడిమధ్యలో. ముందుకు జరిగితే నీరు నిండగానే ముక్కు వాలుతుంది, వెనక్కి జరిగితే తోక వాలుతుంది. చోటు లేక ముందొకటి, వెనకొకటి రెండు చిన్న ట్యాంకులు పెట్టేవారూ ఉన్నారు. అప్పుడు రెండూ ఒకే వేగంతో నిండాలి.

తర్వాతి శత్రువు సగం నిండిన నీరు. తాంబాళంలో నీళ్లు పోసి నడిచి చూడండి. ఏ అంచు వంగితే నీరంతా అటే పరుగెడుతుంది, ఆ అంచు మరింత వంగుతుంది. పొడవైన ట్యాంకులో ఇదే జరుగుతుంది. ముక్కు వేలెడు వాలితే నీరంతా ముక్కుకు చేరి పడవ తలకిందులుగా అడుగుకు దిగబడుతుంది. నీళ్ల ట్యాంకరు లారీల్లో అడ్డుపలకలు పెట్టేది ఈ పరుగును ఆపడానికే. మన ట్యాంకులోనూ చిల్లులున్న అడ్డుపలకలు రెండు మూడు పెట్టాలి. పిస్టను ట్యాంకులో ఈ బాధ తక్కువ. అందులో నీరు ఎంత ఉంటే చోటూ అంతే. కదిలే ఖాళీ ఉండదు.

పిస్టనుకు ఎంచుకునే గొట్టం లోపలి గోడ గాజులా నున్నగా ఉండాలి. గోరు తగిలితే తెలిసేంత గీత ఉన్నా ఆ గొట్టం పనికిరాదు. పిస్టను గాడిలో కూర్చునే రబ్బరు వలయం, అంటే ఓ-రింగు, గోడను తాకాలి, అతుక్కుపోకూడదు. మరీ బిగువైతే మోటారు మూలుగుతుంది, వదులైతే నీరు కారుతుంది. మరల కడ్డీ, సిలిండరు ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి వంకర ఉన్నా రింగు ఒక పక్కే అరుగుతుంది.

రెండు చివరలా లిమిట్ స్విచ్చులు తప్పకుండా ఉండాలి. పిస్టను చివరికి చేరగానే కరెంటు ఆపేవి అవే. అవి లేకపోతే మోటారు గోడకు తలకొట్టుకుంటూనే ఉంటుంది. మరలు తెగుతాయి, లేదా మోటారు కాలుతుంది, లేదా బ్యాటరీ ఆ ఒక్క నిమిషంలోనే అయిపోతుంది. నీరు పీల్చే రంధ్రానికి టీ జాలీలాంటి సన్నటి జల్లెడ పెట్టాలి. ఒక్క ఆకు ముక్క, ఒక్క ఇసుక రేణువు చాలు పని చెడగొట్టడానికి.

వల నేర్పిన తూకం

ట్యాంకు బిగించాక అసలు పరీక్ష నీళ్ల తొట్టిలో. జాలరి వల చూడండి. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు సీసపు గుళ్లు. అందుకే నీటిలో గోడలా నిలుస్తుంది. పడవకూ అంతే. సీసం అడుగున, ఫోము పైన. బరువు కేంద్రం కింద ఉంటే పడవ ఎంత దొర్లినా మళ్లీ నిటారుగా నిలుస్తుంది.

ఫోము పెట్టడంలో ఒక కీలకం ఉంది. నీటిగీతకు కింద పెట్టిన ఫోము తేలినప్పుడూ మునిగినప్పుడూ పనిచేస్తుంది. నీటిగీతకు పైన పెట్టింది మునిగాకే పనిచేస్తుంది. కాబట్టి ముందు ట్యాంకు ఖాళీగా ఉంచి, నీటిగీత సరిగ్గా కుదిరేవరకు కింది ఫోము, సీసం సర్దాలి. ఆ తర్వాత ట్యాంకు నింపి, పెరిస్కోపు కొస మాత్రం కనిపించేలా పై ఫోమును కోస్తూ పోవాలి. బ్లేడుతో చిక్కుడు గింజంత ముక్క కోసినా తేడా తెలుస్తుంది. ఫోము నీరు పీల్చనిదై ఉండాలి. థర్మోకోల్ మీద రంగు వేస్తే థిన్నరుకు కరిగిపోతుందని మరవకూడదు.

తొట్టిలో కుదిరిన తూకం కొలనులో తప్పిందని ఎవరైనా బాధపడితే, ముందు నీటి వేడి చూడమంటాను. 10 డిగ్రీల నీటికన్నా 30 డిగ్రీల నీరు సుమారు 0.4 శాతం పలచన. 6.6 కిలోల పడవకు అది 27 గ్రాముల తేడా. చలికాలం పొద్దున బాగా తేలిన పడవ మే నెల మధ్యాహ్నం మొండికేస్తే తప్పు దానిది కాదు. అందుకే ట్యాంకును లెక్కకు సరిపోయేంత కాకుండా ఒక పదో వంతు పెద్దదిగా పెట్టుకోవడం మంచిది.

కుర్సురా పక్కన నడవని కుర్సురా

చాలామంది అడుగుతారు, బీచ్‌లోనే నడపొచ్చు కదా అని. నడపలేం. ఇప్పటి రిమోట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ తరంగాలను నీరు కొద్ది సెంటీమీటర్లలోనే మింగేస్తుంది. అందుకే సబ్‌మెరైన్‌వాళ్లు పాత 27, 40, 75 మెగాహెర్ట్జ్ సెట్లను పదిలంగా దాచుకుంటారు. అవి మంచినీటిలో కొన్ని మీటర్ల లోతువరకు అందుతాయి. ఉప్పునీటిలో వాటి బలమూ చాలదు. ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనుక ఆ తరంగాలు కూడా జానెడు దిగకముందే నీరసించిపోతాయి. పైగా సముద్రపు నీరు రెండున్నర శాతం బరువు. మంచినీటిలో తూచిన 6.6 కిలోల పడవ అక్కడ 165 గ్రాములు తేలికై మునగనంటుంది.

అసలు సబ్‌మెరైన్లకూ ఈ చిక్కే ఉంది. అందుకే నౌకాదళాలు అతి తక్కువ పౌనఃపున్యం ఉన్న పొడవాటి తరంగాలతో వాటికి కబురు పంపుతాయి. తమిళనాడు తిరునెల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అలాంటి కేంద్రమే. రెండో కేంద్రానికి 2024 అక్టోబరులో మన వికారాబాద్ జిల్లా దామగుండంలో శంకుస్థాపన జరిగింది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న తెలంగాణ అడవికీ, సముద్రగర్భంలోని పడవకూ ఉన్న సంబంధం అది.

బొమ్మకు సిగ్నలు తెగితే ఏమవుతుంది? ఏమీ కాకూడదు, తేలాలి. సిగ్నలు పోయినా, బ్యాటరీ తగ్గినా, లోపల నీరు కనిపించినా ట్యాంకు దానంతట అదే ఖాళీ అయ్యేలా ఒక చిన్న సర్క్యూటు పెట్టాలి. దీన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. ఆనాటి టర్టిల్‌లోనూ ఆపదొస్తే అడుగున ఉన్న సీసాన్ని కిందికి వదిలి తేలే ఏర్పాటు ఉండేది.

ఒక వెంట్రుక చేసిన పని

ఒక ఆదివారం నా పడవ బాగానే మునిగింది, బాగానే తేలింది. ఇంటికి తెచ్చి గొట్టం మూత విప్పాను. నేను ఎప్పుడూ ట్యాంకు కింద, మూత పక్కన టిష్యూ కాగితం ముక్కలు పెడతాను. మూత పక్కనిది పొడిగా ఉంది. ట్యాంకు కిందిది అంచున తడిసి బూడిద రంగుకు తిరిగింది. కంటికి నీటి చుక్క కూడా కనిపించలేదు.

పిస్టను బయటికి లాగి, ఓ-రింగు తీసి, తెల్లటి గుడ్డ మీద పెట్టి టార్చి వేసి చుట్టూ తిప్పి చూశాను. ఒకచోట గ్రీజులో ఒక వెంట్రుక అడ్డంగా పడి ఉంది. అంగుళం కూడా లేదు. అది రింగుకూ గోడకూ నడుమ వంతెన వేసింది. నీరు ఆ వంతెన పక్కనుంచి దారి చేసుకుంది. గుడ్డతో సిలిండరు తుడిచాను, గాడిలోని పాత గ్రీజు అగ్గిపుల్లతో తీశాను, కొత్త రింగు వేశాను. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు బద్ధకించి ఉంటే తర్వాతి వారం ఆ నీరు సర్వో దాకా వెళ్లేది.

సంరక్షణ అంటే ఇంతే. ప్రతిసారీ ఇంటికి రాగానే మూత విప్పి గాలి ఆడనివ్వాలి. లోపల చెమ్మ పట్టకుండా సిలికా జెల్ పొట్లం పెట్టాలి. కొలను నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మంచినీటితో కడిగి, పిస్టనును రెండుసార్లు ముందుకూ వెనక్కూ నడిపి, ట్యాంకులోని చివరి చుక్క కూడా బయటికి పంపాలి. నైట్రైల్ రబ్బరు రింగుకు సిలికోన్ గ్రీజు పలచగా రాయాలి. రింగే సిలికోన్ రబ్బరుదైతే ఆ గ్రీజు పనికిరాదు, రింగు ఉబ్బిపోతుంది. గ్రీజు ఎక్కువైతే దుమ్మును పట్టి ఉంచుతుంది. పలుచటి మెరుపు కనిపిస్తే చాలు. రింగులు చవక. సీజనుకోసారి మార్చేయాలి.

లీకు వెతకడానికి పంక్చరు షాపు పద్ధతిని మించింది లేదు. గొట్టానికి చిన్న సైకిలు వాల్వు బిగించి, సిరంజితో కాస్త గాలి కొట్టి, తొట్టిలో ముంచి చూడాలి. ఎక్కడ బుడగ వస్తే అక్కడ జబ్బు. మూత, ప్రొపెల్లరు ఇరుసు, రెక్కల కడ్డీలు, వైర్లు బయటికి వచ్చేచోటు వరుసగా చూసుకుంటూ రావాలి. గాలి మరీ ఎక్కువ కొట్టకూడదు. మూత తుపాకీ గుండులా ఎగురుతుంది.

చిన్న పని కాదని చెప్పిన పెద్ద విషాదం

బొమ్మకు ఇంత చాకిరీ అవసరమా అని ఎవరికైనా అనిపిస్తే వారికి థ్రెషర్ కథ చెబుతాను. 1963 ఏప్రిల్ 10న అమెరికా అణు సబ్‌మెరైన్ థ్రెషర్ అట్లాంటిక్‌లో లోతు పరీక్షకు దిగింది. తిరిగి రాలేదు. 129 మంది జలసమాధి అయ్యారు. ఆపద వచ్చినప్పుడు బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి గాలి వదిలి తేలాలని వారు ప్రయత్నించారు. అది పనిచేయలేదు. ఎందుకు? తర్వాత అదే తరగతికి చెందిన టినోసా మీద పరీక్ష చేసి చూశారు. సీసాల్లో కుక్కిన గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే విపరీతంగా చల్లబడుతుంది. ఆ గాలిలో ఉన్న చెమ్మ గడ్డకట్టి దారిలోని జాలీలను మూసేసింది. గాలి ఉంది, దారి లేదు.

ఆ ఏడాదే అమెరికా నౌకాదళం సబ్‌సేఫ్ అనే కట్టుదిట్టమైన తనిఖీ విధానం తెచ్చింది. ప్రతి అతుకు, ప్రతి వాల్వు, ప్రతి లోహపు ముక్కకు లెక్క రాయడం అప్పటినుంచి నియమమైంది. మన బొమ్మలో ప్రాణాలేమీ లేవు. కానీ గ్యాసు ట్యాంకు వాడేవారి వాల్వు మొన మీద తెల్లటి మంచు పేరుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. ఆ మంచు చూసిన రోజు నుంచి వాల్వు తుడవడం నాకు చాకిరీగా అనిపించలేదు.

నీటిలో దించే ముందు

• బ్యాటరీ నిండుగా ఉందా? లిథియం బ్యాటరీని గొట్టంలో ఉంచి ఛార్జి చేయలేదు కదా?
• మూత రింగు మీద దుమ్ము, వెంట్రుక, గీత ఏమైనా ఉన్నాయా?
• ఒడ్డున ఉండగానే పిస్టను రెండు చివరలకూ వెళ్లి దానంతట అదే ఆగుతోందా?
• రిమోట్ ఆపితే ట్యాంకు ఖాళీ అవుతోందా?
• ట్యాంకు కింద, మూత పక్కన టిష్యూ ముక్కలు పెట్టారా?
• కొలను లోతు తెలుసా? అడుగు కనిపిస్తోందా? పడవ ఆగిపోతే తీసేందుకు ఈత వచ్చిన పెద్దవారు పక్కన ఉన్నారా?

వీటిలో ఒక్కదానికి జవాబు తడబడినా ఆ రోజు పడవను నీటిలో దించకండి.

మన పిల్లలకు అందాల్సిన ఆట

ఖరీదైన కిట్టుతోనే మొదలుపెట్టాలని లేదు. ఖాళీ అయిన చిన్న కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా తీసుకుని పక్కలకు నాలుగైదు చిల్లులు పెట్టండి. సన్నటి ప్లాస్టిక్ గొట్టం కొసకు బెలూను గట్టిగా దారంతో కట్టి, బెలూనును సీసాలోకి పంపండి. గొట్టం రెండో కొసకు 50 మిల్లీలీటర్ల సిరంజి తగిలించండి. సీసా అడుగుభాగాన అయిదు రూపాయల బిళ్లలు నాలుగైదు టేపుతో అంటించి బకెట్‌లో వదలండి. సిరంజి నొక్కితే తేలుతుంది, లాగితే మునుగుతుంది. ఎక్కడ ఆపాలో పిల్లల చేయి నాలుగు నిమిషాల్లో కనిపెడుతుంది. ఆర్కిమెడిస్ సూత్రాన్ని పదిసార్లు చదివిన పిల్లవాడికన్నా, ఈ సీసాను నీటి నడుమ నిలబెట్టగలిగిన పిల్లవాడికి అది బాగా తెలిసినట్టు.

పాఠశాలల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నా విన్నపం ఒక్కటే. పిల్లలను కుర్సురా చూపించడానికి తీసుకెళితే, తిరిగొచ్చిన మర్నాడు తరగతిలో ఒక బకెట్, ఒక సీసా, ఒక సిరంజి పెట్టండి. తేలించడం అయ్యాక ఆపకండి. సీసా విప్పించండి, తుడిపించండి, ఆరబెట్టించండి, మళ్లీ బిగించమనండి. మునిగి తేలే విద్యలో సగం నీటిలో ఉంది. మిగతా సగం ఇంటికొచ్చి తుడుచుకోవడంలో ఉంది.